డీజిల్ కారు డీపీఎఫ్: లైట్ వెలిగినప్పటి నుంచి క్లీనింగ్ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

"అన్నా, మీటర్‌లో పైపు బొమ్మ, మధ్యలో చుక్కలున్న పసుపు లైట్ వచ్చింది. బండి ఆపెయ్యాలా?" మా గ్యారేజీకి వారం తిరిగేలోగా ఇలాంటి ఫోన్లు నాలుగైనా వస్తాయి. అది డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ లైట్. అందరికీ అదే జవాబు చెప్పీ చెప్పీ, చివరికి ఒకచోట రాసి పెట్టాను. ఇదంతా బీఎస్6 (భారత్ స్టేజ్ 6 కాలుష్య నిబంధనల కింద వచ్చిన) డీజిల్ కార్లు, ఎస్‌యూవీల గురించి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## లైట్ వెలగక ముందు

డీపీఎఫ్ అంటే ఏంటి? నా పాత డీజిల్ కారుకు ఇది లేదు కదా?

డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్. పొగలోని మసిని పట్టేసే జల్లెడ అనుకోండి. సైలెన్సర్ లైన్‌లో, ఎక్కువ కార్లలో ఇంజిన్‌కు ఆనుకునే ఉంటుంది. స్టీలు డబ్బాలో తేనెపట్టు లాంటి సిరామిక్ దిమ్మ, దాన్నిండా సన్నటి సొరంగాలు. ఒక సొరంగానికి వెనక మూత, పక్కదానికి ముందు మూత. లోపలికి దూరిన పొగకు నేరుగా బయటపడే దారి లేదు, గోడలోంచి వడకట్టుకుని పక్క సొరంగంలోకి వెళ్లాలి. మసి గోడకు అంటుకుపోతుంది.

బీఎస్4లో డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల దాకా కణాలు వదలొచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6లో అది 4.5 మిల్లీగ్రాములకు దిగింది, కణాల సంఖ్యకూ పరిమితి పెట్టారు. ఫిల్టర్ లేకుండా ఆ లెక్క అందుకోవడం కష్టం. అందుకే పాత బళ్లలో చాలావాటికి లేనిది, ఇప్పటి డీజిల్ కార్లలో ఉంది.

మసి అన్నా బూడిద అన్నా ఒకటే కదా?

అక్కడే అందరూ పొరపడేది. కట్టెల పొయ్యి గుర్తుందా? గిన్నె అడుగున నల్లగా పట్టేది మసి. దాన్ని నిప్పుల్లో పెడితే కాలిపోతుంది. పొయ్యిలో మిగిలేది బూడిద. దాన్ని ఎంత మండించినా బూడిదే, ఎత్తి పోయాల్సిందే. ఫిల్టర్‌లోనూ అంతే. డీజిల్ సరిగా కాలక వచ్చేది మసి. ఇంజిన్ ఆయిల్‌లోని కాల్షియం, జింకు లాంటి పదార్థాలు ఆయిల్‌తో పాటు కొద్దికొద్దిగా కాలి మిగిల్చేది బూడిద. హైవే మీద తిప్పితే మసి పోతుంది. బూడిద పోవాలంటే ఫిల్టర్ విప్పాలి. ఎవరైనా "ఒక రౌండ్ రీజెన్ (రీజనరేషన్, అంటే మసిని కాల్చేయడం) కొడితే కొత్తదానిలా అవుతుంది" అంటే, ఈ తేడా తెలియకైనా అని ఉండాలి, మీకు తెలియదనైనా అని ఉండాలి.

రీజనరేషన్ ఎప్పుడు జరుగుతుంది? నేనేమైనా నొక్కాలా?

కార్లలో మామూలుగా ఏమీ నొక్కక్కర్లేదు. హైవే మీద సైలెన్సర్ బాగా వేడెక్కినప్పుడు, సుమారు 250 నుంచి 400 డిగ్రీల మధ్య, మసి దానంతట అదే మెల్లగా కాలుతుంటుంది. అది చాలక మసి పేరుకుంటే ఇంజిన్ కంప్యూటర్ రంగంలోకి దిగుతుంది. సిలిండర్‌లోకి ఆలస్యంగా మరికాస్త డీజిల్ కొడుతుంది. అది ఫిల్టర్ ముందున్న ఆక్సిడేషన్ క్యాటలిస్ట్ దగ్గర కాలి, ఫిల్టర్ వేడిని 600 డిగ్రీల దగ్గరికి తీసుకెళ్తుంది. పది, ఇరవై నిమిషాల పని. ఆ కాసేపు మైలేజీ పడిపోతుంది, ఐడ్లింగ్ ఆర్‌పీఎం కాస్త పెరుగుతుంది, ఇంజిన్ శబ్దం మారుతుంది.

ఇంటి నుంచి ఆఫీసు 6 కిలోమీటర్లు. వేరే ఎక్కడికీ వెళ్లను. డీజిల్ కారు తీసుకోవచ్చా?

వద్దు. షోరూంలో ఏం చెప్పినా సరే. కొండాపూర్ నుంచి హైటెక్ సిటీకి సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ వెళ్లే బండిలో ఇంజిన్ వేడెక్కేసరికే ఆఫీసు వస్తుంది. రీజనరేషన్ మొదలవదు, మొదలైనా పూర్తవదు. నెలకు ఒకటి రెండుసార్లు ఊరు వెళ్లేవాళ్లకు ఫర్వాలేదు.

ఇంజిన్ ఆయిల్ ఏదైనా పోయొచ్చా? గ్రేడ్ 5డబ్ల్యూ-30 అయితే చాలుగా?

చాలదు. 5డబ్ల్యూ-30 అనేది చిక్కదనం సంగతి మాత్రమే చెబుతుంది. డీపీఎఫ్ ఉన్న ఇంజిన్‌కు బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి. డబ్బా వెనక ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) సీ2, సీ3, సీ5 లాంటి గుర్తు ఉంటుంది. మీ బండికి ఏది వాడాలో ఓనర్స్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. సీ3లో సల్ఫేటెడ్ బూడిద 0.8 శాతం దాటకూడదని నిబంధన. డబ్బాకు మూడు నాలుగు వందలు మిగులుతాయని పాత డీజిల్ ఆయిల్ పోస్తే ఆ బూడిదంతా ఫిల్టర్‌లోనే జమ అవుతుంది.

డీఈఎఫ్ పోయిస్తూనే ఉన్నాను. మరి డీపీఎఫ్ లైట్ ఎందుకొచ్చింది?

రెంటికీ సంబంధం లేదు. డీఈఎఫ్, అంటే యాడ్‌బ్లూ, 32.5 శాతం యూరియా ఉన్న నీళ్లు. అది నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి, వేరే క్యాటలిస్ట్‌లోకి వెళ్తుంది. మసితో దానికి పని లేదు. డీఈఎఫ్‌ను పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే మాత్రం కీ తిప్పకుండా టోయింగ్ వాళ్లను పిలవండి.

## లైట్ వెలిగాక

పసుపు లైట్ ఒక్కటే వచ్చింది. బండి ఆపెయ్యాలా?

ఆపొద్దు, నడపండి. మసి నిండింది, కాల్చుకోవడానికి అవకాశం ఇవ్వమని బండి అడుగుతోంది. ఇంకో వారం చూద్దాంలే అనుకోవడమే తప్పు. ముందు ట్యాంకులో డీజిల్ చూడండి. రిజర్వ్‌లో ఉంటే చాలా కార్లు రీజనరేషన్ మొదలే పెట్టవు.

ఎంత స్పీడులో, ఎంతసేపు నడపాలి?

ఇంజిన్ బాగా వేడెక్కాక, ఆగకుండా 60 నుంచి 80 స్పీడులో ఇరవై, ముప్పై నిమిషాలు. ఆర్‌పీఎం 2,000కు పైన ఉండాలి. దానికోసం ఒక గేరు తగ్గించి నడిపినా తప్పులేదు. హైదరాబాద్‌లో అయితే గచ్చిబౌలి దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి రండి. విజయవాడ వాళ్లకు గుంటూరు రోడ్డు, విశాఖ వాళ్లకు అనకాపల్లి వైపు హైవే ఉన్నాయి. తెల్లవారుజామున వెళ్తే బ్రేకు మీద కాలు పెట్టే పని తక్కువ. మీ బండి మాన్యువల్‌లో వేరే స్పీడు రాసి ఉంటే అదే పాటించండి.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్టార్ట్ చేసి రేస్ చేస్తూ కూర్చుంటే సరిపోదా?

సరిపోదు. లోడ్ లేని ఇంజిన్ సైలెన్సర్‌ను అంత వేడెక్కించలేదు. పైగా ఐడ్లింగ్‌లో ఇంకాస్త మసి చేరుతుంది. సెల్లార్‌లో పొగ మీకూ, పక్క ఫ్లాట్ వాళ్లకూ మంచిది కాదు.

ఇంటికొచ్చి ఇంజిన్ ఆపాను. ఫ్యాన్ భర్రున తిరుగుతోంది, కాలిన వాసన. ఏమైనా అంటుకుందా?

రీజనరేషన్ మధ్యలో ఆపి ఉంటారు. ఫ్యాన్ కాసేపు తిరిగి ఆగుతుంది. ఒకసారి ఇలా జరిగితే నష్టమేమీ లేదు, తర్వాతి ప్రయాణంలో బండి మళ్లీ ప్రయత్నిస్తుంది. రోజూ ఇలాగే జరిగితేనే ఇబ్బంది. వీలైతే ఇంకో పది నిమిషాలు తిరిగొచ్చి ఆపండి.

ఇంకో జాగ్రత్త. ఆ సమయంలో బండి కింద భాగం నిప్పులా ఉంటుంది. కోతల రోజుల్లో పల్లె రోడ్ల మీద వరిగడ్డి ఆరబోస్తారు కదా, దాని మీదుగా వెళ్లి అక్కడే ఆపకండి. ఎండుగడ్డి మీద పార్కింగ్ అసలే వద్దు.

డిప్‌స్టిక్‌లో ఆయిల్ పెరిగినట్టుంది. తగ్గలేదంటే మంచిదే కదా?

మంచిది కాదు. పెరిగింది ఆయిల్ కాదు, డీజిల్. రీజనరేషన్ కోసం ఆలస్యంగా కొట్టిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. మసి కాల్చడం పదేపదే మొదలై మధ్యలో ఆగిపోతుంటే ఇది ఎక్కువవుతుంది.

మా దగ్గరికి ఒక బాబాయ్ వచ్చారు. "బండి ఆయిలే తాగట్లేదు రా, బంగారం" అని మురిసిపోతున్నారు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మ్యాక్స్ గీతకు వేలెడు పైన ఉంది. రెండు వేళ్ల మధ్య రుద్దితే జిగురు లేదు, నీళ్లలా జారింది, ముక్కు దగ్గర పెడితే పెట్రోలు బంకు వాసన. అలాంటి ఆయిల్ బేరింగ్‌లనూ టర్బోనూ కాపాడదు. కిలోమీటర్ల లెక్క చూడకుండా వెంటనే ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. స్థాయి మరీ పెరిగి ఉంటే స్టార్ట్ కూడా చేయొద్దు. ఆ పలచటి ఆయిల్‌నే ఇంజిన్ లోపలికి లాక్కుని, కీ ఆపినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది.

చెక్ ఇంజిన్ లైట్ కూడా వచ్చింది, పికప్ పోయింది. ఇప్పుడు హైవే ఎక్కనా?

ఇప్పుడు వద్దు. చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే చాలా బళ్లు రీజనరేషన్‌ను ఆపేస్తాయి, మీరు విజయవాడ దాకా వెళ్లొచ్చినా మసి కాలదు. పికప్ పోయిందంటే ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి లింప్ మోడ్‌లోకి వెళ్లింది. మెల్లగా గ్యారేజీకి తీసుకెళ్లి ముందు స్కాన్ చేయించండి.

## చెక్ చేసేటప్పుడు

స్కానర్‌లో వచ్చే కోడ్‌లకు అర్థమేంటి?

ఎక్కువగా కనిపించేవి ఇవి. పీ2463 అంటే మసి బాగా పేరుకుంది. పీ242ఎఫ్ అంటే బూడిద నిండింది, ఇక విప్పాల్సిందే. పీ244బీ వస్తే ఫిల్టర్ ముందు వెనకల మధ్య ప్రెజర్ తేడా మరీ ఎక్కువ, పీ244ఏ వస్తే మరీ తక్కువ. పీ2002 అంటే ఫిల్టర్ సరిగా పట్టడం లేదు, పగిలి ఉండొచ్చు లేదా లోపల దిమ్మే లేకపోవచ్చు. పీ2452 నుంచి పీ2455 దాకా ప్రెజర్ సెన్సర్, దాని వైరింగ్ గొడవలు. ఆ వరసలో కోడ్ చూసి "ఫిల్టర్ పోయింది" అని ఎవరైనా అంటే ఇంకో గ్యారేజీకి వెళ్లండి. కోడ్ కాగితం మీద రాయించుకోండి, చెరిపేయకముందే.

ప్రెజర్ తేడా ఎంత ఉంటే సరే?

ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి చూస్తే సున్నా చూపించాలి. అక్కడే ఏదో అంకె ఉంటే అనుమానం సెన్సర్ మీద. వేడెక్కిన ఇంజిన్ ఐడ్లింగ్‌లో చాలా కార్లు పది మిల్లీబార్ల లోపే చూపిస్తాయి. 2,500 ఆర్‌పీఎం దగ్గర వంద దాటుతుంటే ఫిల్టర్ బిగుసుకుందని అనుమానించొచ్చు. అంకె బండిని బట్టి మారుతుంది కాబట్టి ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే కొలమానం. ఆర్‌పీఎం పెంచుతుంటే ప్రెజర్ కూడా నున్నగా పెరగాలి. కదలకుండా ఒకే అంకె దగ్గర నిలబడితే సెన్సర్ ట్యూబు మూసుకుపోయిందో, ఊడిందో చూడాలి.

నాకు స్కానర్ లేదు. ఇంట్లోనే చూసుకోగలిగింది ఏమైనా ఉందా?

రెండున్నాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక తెల్ల గుడ్డతో సైలెన్సర్ చివర లోపలి అంచు తుడవండి. ఫిల్టర్ బాగుంటే గుడ్డకు బూడిదరంగు ధూళి తప్ప పెద్దగా ఏమీ అంటదు. కాటుకలా నల్లగా వస్తే ఫిల్టర్ పగిలిందనో, ఎవరో లోపలిది తీసేశారనో అనుకోవాలి.

రెండోది, బానెట్ ఎత్తి ప్రెజర్ సెన్సర్‌కు వెళ్లే రెండు సన్నటి ట్యూబులు చూడండి. ఒకాయన కారుకు మూడు చోట్ల ఫిల్టర్ మార్చాలన్నారట. మా దగ్గర చూస్తే ట్యూబుకు వెనకవైపు ఎలుక కొరికిన రంధ్రం, పంటి గాట్లు రెండు పక్కపక్కనే ఉన్నాయి. ట్యూబు మార్చాం, కోడ్ పోయింది.

క్లీన్ చేయించిన నెలకే మళ్లీ లైట్ వచ్చింది. క్లీనింగ్ సరిగా చేయలేదా?

అయ్యుండొచ్చు. కానీ నా అనుభవంలో ఎక్కువసార్లు తప్పు ఫిల్టర్‌ది కాదు, దానికి అంత మసి పంపుతున్న ఇంజిన్‌ది. కారే ఇంజెక్టర్, తెరుచుకుని ఇరుక్కుపోయిన ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), ఇంటర్‌కూలర్ హోస్‌లో చీలిక, నిండిపోయిన ఎయిర్ ఫిల్టర్, వీటిలో ఏది ఉన్నా మసి రెట్టింపవుతుంది. టర్బో సీలు కారి ఆయిల్ సైలెన్సర్‌లోకి వెళ్తుంటే బూడిద కూడా పెరుగుతుంది.

అందరూ మర్చిపోయేది థర్మోస్టాట్. అది తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్ కావలసిన వేడికి రాదు, రీజనరేషన్ మొదలవదు. మీటర్‌లో టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ మధ్యకు రాకుండా కిందే ఉంటే ఆ సంగతి మెకానిక్‌కు చెప్పండి. ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సర్ తప్పు చూపించినా ఫలితం అదే. ఇవేవీ చూడకుండా ఫిల్టర్ ఒక్కటే కడగడమంటే ట్యాంకు పొంగుతుంటే మోటారు ఆపకుండా నేల తుడుస్తూ కూర్చోవడం.

## క్లీనింగ్

గ్యారేజీలో ఫోర్స్‌డ్ రీజెన్ అంటున్నారు. చేయించొచ్చా?

మసి మాత్రమే నిండి ఉంటే, పైన చెప్పుకున్న ఇంజిన్ లోపాలేవీ లేకుంటే చేయించొచ్చు. స్కానర్‌తో ఆదేశం ఇస్తారు, నిలబడిన బండి ఆర్‌పీఎం దానంతట అదే పెరిగి అరగంట అటూ ఇటూ నడుస్తుంది. ఖాళీ స్థలంలో, సిమెంటు నేల మీద, పక్కన మనిషి ఉండగానే చేయాలి. మసి మరీ ఎక్కువ నిండాక చేస్తే అంతా ఒక్కసారిగా అంటుకుని సిరామిక్ దిమ్మ కరుగుతుంది, పగుళ్లిస్తుంది. అందుకే ఒక స్థాయి దాటాక చాలా బళ్లు ఆ ఆదేశాన్నే ఒప్పుకోవు. పని అయ్యాక ఆయిల్ స్థాయి చూసి, పెరిగితే మార్పించండి.

విప్పకుండా స్ప్రే కొట్టి క్లీన్ చేస్తారట. పనిచేస్తుందా?

సెన్సర్ రంధ్రంలోంచి కెమికల్ పంపి మసిని వదులు చేస్తారు. మసికి కొంత పనిచేస్తుంది. బూడిదకు దాదాపు ఏమీ చేయదు, ఎందుకంటే వెనక మూసి ఉన్న సొరంగంలోంచి అది పోవడానికి దారే లేదు. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన బండికి దీని మీద డబ్బు పెట్టను.

విప్పి క్లీన్ చేయడమంటే ఏం చేస్తారు? సరిగా చేశారని ఎలా తెలుస్తుంది?

బండి పూర్తిగా చల్లారాక ఫిల్టర్ విప్పుతారు. ముందు తూకం వేస్తారు. తర్వాత మూడు పద్ధతుల్లో ఏదో ఒకటి, లేదా కలిపి: బయటికి వెళ్లే వైపు నుంచి గాలి కొట్టి ధూళిని వచ్చిన దారినే వెనక్కి తోయడం, కొలిమిలో 600 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చి ఆ తర్వాత గాలి కొట్టడం, మెషీన్‌లో నీళ్లూ గాలీ కలిపి వెనకనుంచి పంపి ఆరబెట్టడం.

మొన్న ఒక బండిది తీస్తే లోపలికి పొగ వచ్చే ముఖం నల్లటి వెల్వెట్ గుడ్డలా ఉంది. కాల్చి గాలి కొట్టాక సంచిలో పడింది నలుపు కాదు, లేత గోధుమ రంగు పొడి, టాల్కం పౌడర్ అంత మెత్తగా. తూకంలో 90 గ్రాములు తగ్గింది. మీరు అడగాల్సింది అదే: క్లీనింగ్‌కు ముందు, తర్వాత బరువు, గాలి ఎంత తేలిగ్గా వెళ్తోందో ఫ్లో టెస్ట్ రీడింగ్. నీళ్లతో కడిగితే పూర్తిగా ఆరాకే తూకం వేయాలి, తడి బరువుతో లెక్క తప్పుతుంది. ఈ పొడిని ఊపిరితో పీల్చకూడదు, చేసేవాళ్లకు మంచి మాస్కు ఉండాలి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది.

వాటర్ సర్వీసింగ్ ప్రెజర్ గన్‌తో కడిగేస్తే అయిపోదా?

కొందరు చేస్తారు, యాసిడ్ కూడా పోస్తారు. గన్ దెబ్బకు సన్నటి సిరామిక్ గోడలు చిట్లుతాయి, మసి కాలడానికి సాయపడే క్యాటలిస్ట్ పూత కొట్టుకుపోతుంది. బూడిద ముద్దగా మారి సొరంగం చివర సిమెంటులా గట్టిపడుతుంది.

ఫిల్టర్ తీసేసి, సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్ చేయిస్తే గొడవే ఉండదు కదా?

గొడవ రకం మారుతుంది. కంపెనీ ఇచ్చిన బండిని ఇలా మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. 182ఏ కింద ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాలుష్య పరిమితి దాటితే సెక్షన్ 190(2) కింద 10,000 దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు పోవడం వేరే. వారంటీ, అమ్మేటప్పుడు రేటు, వెనక స్కూటర్ మీద వచ్చే పిల్లల ఊపిరితిత్తులు ఆ లెక్కలో లేవు. మేం ఈ పని చేయం. దయచేసి అడగొద్దు.

కొత్తది వేయాల్సిందే అన్నారు. నమ్మాలా?

దిమ్మ పగిలినా, కరిగినా, ఆయిల్‌తో లేదా కూలెంట్‌తో నానిపోయినా నిజమే, క్లీనింగ్ పనికిరాదు. లేదంటే మొదట విప్పి చూపించమనండి. కొన్ని మోడళ్లకు కొత్త ఫిల్టర్ లక్ష దాటుతుంది, అంత డబ్బుకు ముందు లైటు వేసి మీ కళ్లతో చూడటం మీ హక్కు.

## బిగించాక

తిరిగి బిగించేటప్పుడు ఏం గమనించాలి?

గ్యాస్కెట్లు, క్లాంపులు కొత్తవి వేయాలి. పాతవే వేస్తే పొగ లీకై సెన్సర్లకు తప్పుడు లెక్క వెళ్తుంది. డబ్బా మీద బాణం గుర్తు పొగ వెళ్లే దిక్కును చూపిస్తుంది. ప్రెజర్ ట్యూబుల్లో ముందుది వెనక, వెనకది ముందు పెట్టడం కొత్త కుర్రాళ్లు తరచూ చేసే పొరపాటు. విప్పేముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుంటే పోయేదేమీ లేదు.

స్కానర్‌లో కౌంటర్ రీసెట్ చేయాలన్నారు. తప్పనిసరా?

నిజంగా క్లీన్ చేసినా, కొత్తది వేసినా తప్పనిసరి. కంప్యూటర్ బూడిదను కిలోమీటర్లు, వాడకం బట్టి అంచనా వేస్తుంది. రీసెట్ చేయకపోతే ఖాళీ ఫిల్టర్‌ను కూడా నిండిందనే అనుకుంటుంది. దీనికి తిరగేసిన మోసం కూడా ఉంది: ఫిల్టర్ ముట్టుకోకుండా రీసెట్ మాత్రం చేసి డబ్బు తీసుకోవడం. లైట్ ఆరుతుంది, మీరు సంతోషంగా వెళ్తారు. కంప్యూటర్ మాత్రం నిండిన ఫిల్టర్‌ను ఖాళీది అనుకుని లెక్క మొదటి నుంచి మొదలుపెడుతుంది.

సెకండ్ హ్యాండ్ బీఎస్6 డీజిల్ చూస్తున్నాను. డీపీఎఫ్ గురించి ఏం అడగాలి?

రోజూ ఎక్కడ తిరిగిందో అడగండి. ఊళ్ల మధ్య తిరిగిన 90,000 కిలోమీటర్ల బండి, కాలనీలో తిరిగిన 30,000 బండి కంటే మేలు. సర్వీస్ బిల్లుల్లో ఏ ఆయిల్ పోశారో చూడండి. స్కానర్ పెట్టించి బూడిద లెక్క, చివరి రీజనరేషన్ జరిగి ఎన్ని కిలోమీటర్లైందో చదివించండి. వంద కిలోమీటర్లకోసారి రీజనరేషన్ జరుగుతుంటే ఏదో తేడా ఉన్నట్టే. ఎక్కువ తిరిగిన బండిలో బూడిద లెక్క సున్నా చూపిస్తే క్లీనింగ్ బిల్లు అడగండి. బిల్లు లేదంటే ఫిల్టర్ విప్పి చూపించేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.